కనుబొమలు లేని చిలుక

ఎర్రకొండ కింది చింతతోపులో ఒక కోతుల మంద ఉండేది. ఆ మందలో పొద్దున్నుంచీ ఎన్ని కొట్లాటలైనా సరే, ఎండ నడినెత్తికి వచ్చేసరికి అన్నీ ఆగిపోవాల్సిందే. అది పేలు చూసుకునే వేళ. పొద్దున రక్కుకున్నవాళ్లు కూడా ఎదురెదురుగా కూర్చుని, ఒకరి తల ఒకరు వంచి, బొచ్చు పాయలు తీసేవాళ్లు. పేలు ఎన్ని దొరికాయన్నది ఎవరికీ పట్టదు. ఎదుటివాళ్ల ముఖం జానెడు దూరంలో ఉంటుంది, అదీ అసలు సంగతి. కనుబొమలు ఎగరేస్తే జాగ్రత్త అని, పెదవులు చప్పరిస్తే స్నేహమని, పళ్లు బయటపెడితే భయమని పిల్లలు అక్కడే నేర్చుకునేవాళ్లు.

ఆ మందకి పెద్ద సుంకులమ్మ. కొండ కింది వేరుశనగ బుడ్డల చేలమీద మందను నడిపించడంలో ఆమెను మించినవాళ్లు లేరు. అయితే కొడుకు ఓబులు పుట్టాక ఆమెకు పెద్ద చిక్కొచ్చిపడింది. వాడు ఒట్టి ఏడుపుగొట్టు. చేలో అడుగుపెట్టీ పెట్టకముందే కేరుమనేవాడు, కాపలా మనిషి కర్ర తీసుకుని పరిగెత్తుకొచ్చేవాడు. రెండుసార్లు దెబ్బలు తిన్నాక విసుగెత్తి, ఒక చిలుకను మచ్చిక చేసి తెచ్చి వాడి ముందు కూర్చోబెట్టింది. చిలుక వాగుతూనే ఉంది, వాడు నోరు తెరుచుకుని వింటూనే ఉన్నాడు. ఏడుపు ఆగిపోయింది. ఎంత హాయి! అది చూసి మిగతా తల్లులూ తలా ఒక చిలుకను తెచ్చుకున్నారు.

అంతటితో ఆగినా బాగుండేది. వాడు కొంచెం ఎదిగాక, కొమ్మకొమ్మా ఎక్కి వెతకడమెందుకని, చిలుకకి తన గొంతు నేర్పింది సుంకులమ్మ. "రా నాయనా, బుడ్డలు తెచ్చినా, రా!" అని అది అచ్చం ఆమెలాగే పిలిచేది.

సుంకులమ్మ తల్లి తిమ్మక్కకి ఈ వ్యవహారం మొదటినుంచీ నచ్చలేదు. ఆమెకు కళ్లు మసకబారాయి. మధ్యాహ్నం కాగానే అలవాటుగా వచ్చి కూర్చునేది, పిల్లలంతా చిలుకల ముందే ఉండడంతో ఎదురుగా కూర్చునేవాళ్లు లేక చేతులు ఒళ్లో పెట్టుకుని ఉండిపోయేది.

"చిలుకకి కనుబొమలు లేవే పిల్లా," అంది ఒకరోజు కూతురితో.

"కనుబొమలతో ఏం పనమ్మా? మాటలొస్తాయి కదా!"

"మాట ఎవురైనా చెప్తారు. ఓబులుగాణ్ని ఒక్క పూట నా ముందర కూర్చోబెట్టు."

"రేపు కూర్చుంటాడులే," అంది సుంకులమ్మ. ఆమె చేతిలో పని ఉంది మరి.

కుర్రకోతుల సంగతి చూస్తే నవ్వొచ్చేది. ఓబులు, వాడి నేస్తం గంగులు ఒకే కొమ్మమీద మూరెడు దూరంలో కూర్చునేవాళ్లు. ఓబులు చేతిలో జామపండుంది. గంగులుకి సగం కావాలి. అడగాలంటే వాడు తన చిలుకకి చెప్తాడు, అది ఓబులు చిలుకకి చెప్తుంది, అది ఓబులుకి చెప్తుంది. ఆలోగా పండు అయిపోతుంది. గంగులు ముఖం చిన్నబోయినా ఓబులు చూసేవాడు కాదు. చూసినా ఆ ముఖంలో ఏముందో వాడికి తెలిసేది కాదు.

ఇదంతా కింద పొదలోంచి నక్క గమనిస్తూనే ఉంది. ఒకనాడు ఓబులు చిలుక నీళ్లకి దిగినప్పుడు దగ్గరికొచ్చింది.

"చిలుకమ్మా, ఓబులును వాళ్లమ్మ ఎట్ల పిలుస్తాది?"

"రా నాయనా, బుడ్డలు తెచ్చినా, రా!" అంది చిలుక.

"అబ్బబ్బ, సుంకులమ్మే వచ్చి నిలబడినట్లుంది! చేలో నీళ్లు తోడే ఇంజను కొట్టం వెనకాల పండుమిరపకాయలున్నాయి. కడుపు నిండా తిను. తిని, కొట్టం మీద కూర్చుని ఆ మాటే నాలుగుసార్లు అను. అంతే."

"అట్లే బావా," అంది చిలుక. ఎందుకని అడగలేదు. ఎందుకని అడగడం చిలుకల ఇంటావంటా లేదు.

ఆ మధ్యాహ్నం కొట్టం మీదనుంచి పిలుపు వినబడింది. ఓబులు చెట్టు దిగి, గట్టు వెంబడి ఆడుకుంటూ బయలుదేరాడు. కొట్టం పక్కన వేపచెట్టుంది. దాని కింది కొమ్మమీద తిమ్మక్క నీడపట్టున ఒంటరిగా కూర్చుని ఉంది. అదే చెట్టు చిటారుకొమ్మన సుంకులమ్మ చేల వైపు చూస్తోంది. తన గొంతు తనకే వినబడేసరికి ఉలిక్కిపడి కిందికి చూసింది. కొట్టం గోడ వెనక నక్క నడుము వంచి పొంచి ఉంది.

"రావద్దురా!" అని అరవబోయింది. సరిగ్గా అప్పుడే రైతు ఇంజను తిప్పాడు. తిప్పి, నీళ్లు మళ్లించడానికి చేను ఆ చివరికి వెళ్లిపోయాడు. డుగడుగడుగమని ఆ మోతలో ఆమె కేకా లేదు, చిలుక పిలుపూ లేదు.

ఓబులు ఆగి తలెత్తాడు. తల్లి కనబడింది. కనుబొమలు నెత్తికెక్కించి, పళ్లన్నీ బయటపెట్టి, కొమ్మ పట్టుకుని ఊపేస్తోంది.

'అమ్మ నవ్వుతోంది. ఎన్ని బుడ్డలు తెచ్చిందో!' అనుకున్నాడు వాడు. తనూ పళ్లు ఇకిలించి, నడక పెంచాడు.

కళ్లు సరిగా కనబడని తిమ్మక్కకి మాత్రం కూతురు కొమ్మ ఊపిన తీరులోనే సంగతంతా తెలిసిపోయింది. నక్క ఓబులు మీదికి లంఘించిన క్షణంలో, ఆ ముసలి ఒళ్లు దభీమని నక్క వీపుమీద పడింది. ఓబులు కెవ్వుమని వేపచెట్టెక్కేశాడు. సుంకులమ్మ దిగేలోపే నక్క దొరికిన తిమ్మక్కనే నోట కరుచుకుని వాగులోకి దిగిపోయింది.

ఇంజను ఆగాక ఓబులు వణుకుతూ అన్నాడు: "నువ్వు నవ్వుతాండావనుకున్నానమ్మా."

సుంకులమ్మకి వాణ్ని కొట్టడానికి చెయ్యి రాలేదు. పిల్లాడికి తల్లి ముఖం చదవడం రాలేదంటే, తప్పు ఎవరిదని ఎవర్ని అడుగుతుంది?

మర్నాడే చిలుకల్ని తరిమేశారు. అవి దిగులేమీ పడకుండా ఎగిరిపోయాయి. దిగులంతా పిల్లలకే. ఎదురెదురుగా కూర్చోబెడితే నేలచూపులు చూశారు. ఒకడు పేను కోసం గిల్లితే ఇంకొకడు కరిచాడు. గంగులు ఏడ్చాడు, ఎందుకేడుస్తున్నాడో ఎవరికీ అంతుబట్టలేదు. సుంకులమ్మ రోజూ మధ్యాహ్నం పనులన్నీ మానుకుని వాళ్ల మధ్య కూర్చునేది.

"ఇది ఏందో చెప్పు నాయనా," అని కనుబొమలు ఎగరేసేది.

"ఆకలి?"

"కాదు."

"కోపం?"

"కాదురా. జాగ్రత్త అని."

చింతపూత పిందెలై, పిందెలు కాయలయ్యేదాకా ఇదే పని. ఒకరోజు ఓబులు తనంతట తనే సగం జామపండు గంగులుకి ఇచ్చాడు. "నీ ముఖం చూస్తే తెలిసిందిలే," అన్నాడు.

ఆ కాయలు పండకముందే నక్క మళ్లీ వచ్చింది. కొట్టం మీదనుంచి ఆ పాత చిలుకే "రా నాయనా, బుడ్డలు తెచ్చినా, రా!" అని పిలిచింది. ఓబులు కొమ్మమీదే ఆగి, తల్లి కోసం చుట్టూ చూశాడు. పై కొమ్మమీద ఆమె నోరు మెదపకుండా కనుబొమలు ఎగరేసింది. అంతే, వాడూ గంగులూ చిటారుకొమ్మకెక్కి మందంతా అదిరేలా కొమ్మలు ఊపారు.

"మీ అమ్మే కదరా పిలిచేది!" అంది నక్క, ఇక దాక్కుని లాభంలేదని బయటికొచ్చి.

"మా అమ్మ ఈడుంది. ఆమె ముఖం వద్దంటాంది."

నక్క తోక కాళ్లమధ్య పెట్టుకుని నడిచింది. "మిరపకాయలేవి బావా?" అంటూ చిలుక దాని వెంటపడింది.

మందంతా గంతులేసింది. సుంకులమ్మ కూడా అందరితోపాటు పెదవులు చప్పరించింది. ఓబులు ఆమె ఎదురుగా వచ్చి కూర్చుని, గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చాలాసేపు చూశాడు.

"అమ్మా, ఇది సంతోషం కాదు. అవ్వ గుర్తొచ్చింది కదా?"

సుంకులమ్మ తల వంచింది. వాడి వేళ్లు మెల్లగా ఆమె మెడమీది బొచ్చు పాయలు తీయసాగాయి.

"రేపు కూర్చుంటాడులే అన్నాన్రా, మా అమ్మతో," అంది.

పిల్లలకు మాటలు ఎవరైనా వినిపించగలరు. ముఖం చదవడం మాత్రం ఎదురుగా కూర్చున్నవాళ్లే నేర్పాలి, అదీ ఈ పూటే.