రేవు మేడ కాగితం

గోదావరి పాయ ఒడ్డున పెదపాయ రేవులో గవర్రాజు అనే దర్జీ ఉండేవాడు. మనిషి బంగారం, కానీ ఎవరేం అడిగినా కాదనలేని మొహమాటం అతనిది.

అతను ఉండే మేడను ఊళ్ళో అందరూ రేవు మేడ అనేవారు. గవర్రాజు తాత కలప వ్యాపారి. బర్మా నుంచి ఓడలో వచ్చిన టేకుతో ఆ మేడ కట్టించాడు. ముందు పొడుగాటి వసారా, దానికి ఎనిమిది స్తంభాలు. ఒక్కో స్తంభం మీద చిలకలు, అరటి గెలలు చెక్కి ఉండేవి. మేడ మీద పన్నెండు కిటికీలకు రంగుటద్దాలు. పొద్దున్నే ఎండ పడితే గోడంతా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఏరు దాటించే పంటు కోసం వచ్చినవాళ్ళు ఆ వసారాలోనే కూర్చునేవారు. గవర్రాజు ఓ పక్కన మిషను తొక్కుకుంటూ వాళ్ళతో కబుర్లు చెప్పేవాడు. ఆ మేడంటే అతనికి ప్రాణం.

ప్రాణమే, కానీ అడిగితే ఇచ్చేసేవాడు! పెద్దమ్మ కొడుకు గృహప్రవేశానికని వీధి తలుపు పట్టుకుపోయాడు. సినిమావాళ్ళు షూటింగుకని నాలుగు కిటికీల అద్దాలు ఊడదీసి తీసుకెళ్ళారు, మళ్ళీ తేలేదు. ఎవరో మేనల్లుడి వరస వాడు మెట్ల కటకటాలు అడిగి లాక్కుపోయాడు.

"మొన్న తలుపు, నిన్న కటకటాలు. రేపు ఎవరైనా నన్ను అడిగితే?" అంది భార్య మాణిక్యం.

"అలా ఎవరడుగుతారే?"

"అడగరనుకోండి. అడిగితే మాత్రం మీరు కాదనరు" అంది.

ఆ ఏడు వానాకాలం అద్దాలు లేని కిటికీల్లోంచి జల్లు కొట్టి మేడ మీద గోడ ఉబ్బిపోయింది. గవర్రాజు ఆ గోడను చేత్తో తడుముతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పక్కనే గ్రంథాలయం ఉంది. దాన్ని చూసుకునే అమ్మాజీగారు ఆ ఏడుపు విని వచ్చారు.

"ఏడిస్తే ఏం లాభమయ్యా? కాదని చెప్పడం నీకు రాదు. నీ బదులు ఒక కాగితం చెబుతుంది, రాసుకో" అన్నారు.

"కాగితం ఎలా చెబుతుందండీ?"

ఆవిడ నెమ్మదిగా వివరించారు. మేడ గవర్రాజుదే. ఉండొచ్చు, అద్దెకివ్వొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ దాని ముందుభాగాన్ని మార్చకుండా, స్తంభాలు, కిటికీలు తీయకుండా ఆపే హక్కును మాత్రం పక్కనున్న గ్రంథాలయానికి రాసివ్వాలి. గ్రంథాలయం వాళ్ళు ఏటా ఒకసారి వచ్చి చూసుకుంటారు. ఎవరైనా చెయ్యి వేస్తే కోర్టుకెళ్ళైనా ఆపుతారు. రేపు మేడ కొన్నవాళ్ళకీ, వాళ్ళ తరవాత వాళ్ళకీ అదే కట్టుబాటు.

"అయితే నాకు కూడానా?" అన్నాడు గవర్రాజు.

"ముందు నీకే!" అన్నారు అమ్మాజీగారు.

గవర్రాజు నవ్వాడు. మర్నాడే రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి దస్తావేజు రాయించాడు. అక్షరం అక్షరం చదివించుకుని సంతకం పెట్టాడు. ఆఫీసు మెట్లు దిగుతుంటే ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక అతని తెలివి చూడండి. ఈ సంగతి చుట్టాలకు తెలిస్తే ఏమనుకుంటారో అని సిగ్గుపడి, ఆ కాగితాన్ని మాణిక్యం పెళ్ళి పట్టుచీర మడతల్లో దాచేశాడు. ఎవరికీ చెప్పొద్దని ఆవిడ చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు.

మూడు నెలలు గడిచాయి. ఒక శుక్రవారం పొద్దున్నే అక్క కాసులమ్మ, బావ సత్తిరాజు ట్రాక్టరు వేసుకుని వచ్చారు. వెనక నలుగురు పనివాళ్ళు, జాకీలు, మోకులు. బావగారు కొత్తగా కల్యాణ మండపం కడుతున్నారు.

"ఏమోయ్ గవర్రాజూ! మా మండపం గుమ్మానికి నీ స్తంభాలు పెడితే ఊరంతా నోరెళ్ళబెట్టాలి. వీటి బదులు సిమెంటువి వేయించేస్తాలే, దిట్టంగా ఉంటాయి" అన్నాడు సత్తిరాజు.

అక్క మొగుడాయె. గవర్రాజు మిషను ఆపి, "దానిదేముంది బావగారూ... మీరంతగా అడిగితే..." అన్నాడు.

మాణిక్యం గుమ్మంలోంచి, "శుక్రవారం పూట ఇంట్లోంచి స్తంభాలు పంపుతామా అన్నయ్యగారూ?" అంది.

"శుక్రవారమే మంచిదమ్మా, మా మండపానికి లక్ష్మి వస్తుంది."

"మీకు వస్తే మాకు పోయినట్టేగా!"

సత్తిరాజు పకపకా నవ్వి వసారాలో పీట వాల్చుకు కూర్చున్నాడు. శుక్రవారం గ్రంథాలయానికి సెలవు. అమ్మాజీగారు ఊళ్ళో లేరు. కాసులమ్మ పెరట్లో కాళ్ళు కడుక్కుంటోంది. పనివాళ్ళు దూలానికి జాకీ పెట్టి మొదటి స్తంభం కదిపారు. మోకు జారింది. తాత నిలబెట్టిన స్తంభం దబ్బుమని అరుగు మీద పడి నిలువునా చీలిపోయింది. పై దూలం కిర్రుమంది. పంటు కోసం కూర్చున్నవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వీధిలోకి పరుగెత్తారు.

"పోతే పోయింది, ఇంకా ఏడున్నాయిగా! రెండోదానికి మోకు కట్టండ్రా" అన్నాడు సత్తిరాజు.

గవర్రాజు చీలిపోయిన చిలక బొమ్మను చూశాడు. లోపలికి పరుగెత్తాడు. పెట్టె తెరిచి, పట్టుచీర విదిలించి, కాగితం పట్టుకుని బయటికి వచ్చాడు. కాదని చెప్పడానికి నోరు పెగల్లేదు. ఏం చేస్తాడు పాపం, కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాడు.

"ఈ మేడ ముందుభాగమును, స్తంభములను, కిటికీలను... నేను గాని, నా వారసులు గాని, నా వద్ద కొన్నవారు గాని... తీయుటకు, మార్చుటకు, ఇతరులకు ఇచ్చుటకు... హక్కు లేదు."

హక్కు లేదు అనే చోటికి వచ్చేసరికి అతని గొంతు గట్టిపడింది. మళ్ళీ చదివాడు. ఈసారి రేవు దాకా వినిపించేలా చదివాడు. పనివాళ్ళు మోకు వదిలేశారు.

"ఏమిటోయ్ ఇది? నీ ఇంటి మీద నీకే హక్కు లేదా?" అన్నాడు సత్తిరాజు.

"పాడుచేసే హక్కు లేదండి బావగారూ. నేనే వదులుకున్నాను. మీకివ్వను. ఎవరికీ ఇవ్వను."

"అంటే, నన్ను కాదంటున్నావా?"

"కాదంటున్నానండి" అన్నాడు గవర్రాజు. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని తనే ఆశ్చర్యపోయాడు.

సత్తిరాజు ముఖం కందగడ్డలా అయింది. "ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను" అని లేచి ట్రాక్టరు ఎక్కాడు. గవర్రాజు భయం భయంగా అక్క వైపు తిరిగాడు. పెరట్లోంచి అప్పుడే వచ్చిన కాసులమ్మ అరుగు మీద కూలబడి, చీలిన స్తంభాన్ని ఒళ్ళోకి తీసుకున్నంత పని చేసింది.

"ఈ స్తంభానికి ఆనుకునే కదరా నాయనమ్మ నాకు జడలు వేసేది. నువ్వే సంతోషంగా ఇస్తున్నావని చెప్పారాయన. నువ్వు ఇస్తానన్నాక నేనేం అడ్డు చెబుతాననుకుని ఊరుకున్నాను. ఇలాంటి కాగితం ఉంచుకుని ఇన్నాళ్ళు దాస్తావుట్రా? ఆ ముక్క ముందే చెబితే ఇది బతికి ఉండేది కదరా!" అని ఏడ్చింది.

గవర్రాజు తల వంచుకున్నాడు. అక్కకు కోపం వస్తుందని భయపడి, అక్క కూడా ప్రేమించే దాన్నే పోగొట్టాడు.

సత్తిరాజు ఆరు నెలలు మాట్లాడలేదు. తరవాత మాట్లాడాడు, చుట్టరికం ఎక్కడికి పోతుంది! అమ్మాజీగారు వడ్రంగిని తెచ్చి చూపిస్తే, చీలిన స్తంభం బరువు మోయదన్నాడు. దాని చోట తాటి దూలం నిలబెట్టారు. ఇప్పటికీ రేవు మేడకు చెక్కిన స్తంభాలు ఏడు, తాటి దూలం ఒకటి. కాగితం నకలు మాత్రం అద్దం కట్టించి, మిషను పైన గోడకు తగిలించాడు గవర్రాజు. పంటు కోసం వచ్చినవాళ్ళు అడిగినా అడగకపోయినా చదివి వినిపిస్తాడు.

నీతి: పదికాలాలు నిలవవలసిన దాన్ని మన మొహమాటానికి వదిలేయకూడదు, చట్టప్రకారం కాగితం రాసుకోవాలి, రాసుకున్న మాటను వేళకు నోరు విప్పి చెప్పాలి.