గాయం వైపు పెట్టిన కుంకుమ

రండి నాయనలారా, రండి తల్లుల్లారా. దగ్గరగా జరిగి కూర్చోండి. వెనకున్నవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ బోలెడు చోటుంది. చంటివాళ్ళను ఒళ్ళోకి తీసుకోండి. మూడడుగులతో లోకాలన్నీ కొలిచేసిన ఆ పొట్టిస్వామికి మనసులోనే ఒక దణ్ణం పెట్టుకోండి. ఎందుకంటే ఈ కథ కూడా ఒక పొట్టిదాని గురించే.

అనగా అనగా, కొండలు మంచు దుప్పటి కప్పుకుని ఆలస్యంగా నిద్రలేచే రోజుల్లో, శీతగిరి అని ఒక రాజ్యం ఉండేది.

ఆ రాజ్యంలో జనానికి ఒక విద్య తెలుసు. అడవిలో ఆకాశం దాకా పెరిగే చెట్టును, చిన్న కుండీలో మూరెడు ఎత్తున పెంచేవాళ్ళు. ఇప్పటివాళ్ళు దాన్ని బోన్సాయ్ అంటున్నారు. వాళ్ళు కుండీచెట్టు అనేవాళ్ళు. ఏటా వామన జయంతినాడు ఎవరి కుండీచెట్టును వాళ్ళు కొండమీద వామనస్వామి గుడికి మోసుకెళ్ళేవాళ్ళు. అన్నిటిలోకీ మేలైనదాన్ని స్వామి గడప పక్కన ఉంచేవాళ్ళు. అంతకు మించిన గౌరవం ఆ రాజ్యంలో లేదు.

ఆ కొండ కింది ఊళ్ళో ఓబులయ్య అనే పెద్దాయన ఉండేవాడు. ఉత్తరాన మంచుకొండల నుంచి వచ్చిన ఒక యాత్రికుడు ఆయన చేతిలో చిన్న మేపుల్ మొక్క పెట్టి వెళ్ళాడు. ఆ మొక్క ఆకు ఎలా ఉంటుందంటే, పసిబిడ్డ అరచెయ్యి విప్పి చూపించినట్టు ఉంటుంది. ఓబులయ్య దాన్ని కుండీలో పెడుతూ, "స్వామీ, నేను కళ్ళు మూసేలోగా దీన్ని నీ గడప దగ్గర నిలబెడతాను" అని మొక్కుకున్నాడు.

ఆయన కొడుకు గొర్రెల మంద వెంట కొండలు తిరిగేవాడు. ఇంటిపట్టున ఉండి ఆ విద్య నేర్చుకున్నది కోడలు నాంచారి.

ఏళ్ళు గడిచాయి. మొక్క బతికింది కానీ మాను పుల్లలాగే ఉంది.

"మామయ్యా, ఇది లావెక్కేదెట్లా?" అని అడిగింది నాంచారి.

"కింద ఉన్న ఒక్క కొమ్మను వదిలెయ్యమ్మా. కత్తిరించకు, వంచకు. దాని ఇష్టం వచ్చినట్టు పెరగనీ. అది ఎంత పెరిగితే మాను అంత బలుస్తుంది" అన్నాడు ఓబులయ్య.

సరే, వదిలేశారు. ఆ కొమ్మ కుండీ దాటింది, అరుగు దాటింది, వీధిలోకి చూసింది. చెట్టేమో జానెడు, కొమ్మేమో బారెడు.

పక్కింటి పూర్ణయ్యకు పెద్ద తోట ఉంది, తోటనిండా కుండీచెట్లున్నాయి. ఆయన కంచె మీద చేతులాన్చి నవ్వాడు. "ఏం ఓబులయ్య బావా, చెట్టుకు తోక మొలిచింది? దీన్ని గుడికి తెస్తావా, కిష్కింధకు పంపుతావా?"

"తోక ఉన్నవాడే కదా బాబాయ్ సముద్రం దాటింది" అంది నాంచారి. పూర్ణయ్య కంచె మీంచి చేతులు తీసేసి తోటలోకి నడిచాడు.

మరికొన్నేళ్ళకు మాను పిల్లవాడి పిడికిలంత బలిసింది. అప్పుడు ఓబులయ్య రంపం కోడలికిచ్చాడు. "ఇక ఆ కొమ్మ తీసెయ్యి తల్లీ. దాని పని అయిపోయింది."

నాంచారి కొమ్మకు దణ్ణం పెట్టి కోసింది. కోసినచోట రేగుపండంత గాయం తెల్లగా తేలింది. మళ్ళీ కంచె మీద పూర్ణయ్య చేతులు.

"అయ్యో, ముక్కు కోసిన శూర్పణఖలా ఉందే" అన్నాడు.

నాంచారి రంపం పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం సయించలేదు.

ఓబులయ్య ఆమెను కూర్చోబెట్టి గాయం అంచు చూపించాడు. "చూడు, ఇక్కడ చుట్టూ బెరడు పెదవిలాగా లేస్తుంది. ఏడాదికి ఇంత చొప్పున లోపలికి పాకుతుంది. మనం నీళ్ళు పోద్దాం, ఎండ చూపిద్దాం. మూసుకోవడం దాని పని."

నాంచారి నీళ్ళు పోసింది. ఎండ చూపించింది. వేసవి రాగానే కుండీని నీడకు జరిపింది. ఎడాపెడా పెరిగిన కొసలు గిల్లింది. వేళ్ళు కుండీ నిండినప్పుడల్లా దులిపి కొత్త మట్టిలో పెట్టింది. గాయం రేగుపండు నుంచి శనగగింజకు వచ్చింది, శనగగింజ నుంచి కందిగింజకు వచ్చింది. పూర్తిగా మాత్రం మూసుకోలేదు.

ఈలోగా ఓబులయ్య మోకాళ్ళు లొంగిపోయాయి. "ఈ ఏడు కొండ ఎక్కితే ఎక్కినట్టు తల్లీ. పైయేడు నన్ను నమ్ముకోకు" అన్నాడు.

జయంతి ముందురోజు పూర్ణయ్య గిన్నెతో వచ్చాడు. ఈసారి ఎగతాళికి రాలేదు. "పిల్లా, రేపు రాజుగారే వస్తున్నారట. ఆ గాయంతో చెట్టును ఎవరు చూస్తారు? ఇదిగో లప్పం. లక్క, ఇటుకపొడి, బెరడుపొడి కలిపాను. పూసి ఆరబెట్టావంటే ఎక్కడ కోశారో బ్రహ్మకు కూడా తెలీదు. నా చెట్టుకు ఎప్పుడో పూశాను. మీ మామ మొక్కు తీరాలా, వద్దా?"

నాంచారి గిన్నెలో వేలు ముంచింది. అబద్ధమెందుకు, ముంచింది. ముంచి మామగారి వైపు చూసింది.

"మొక్కు నాది, చెట్టు నీది. నీ మనసుకు తోచినట్టు చెయ్యమ్మా" అన్నాడు ఓబులయ్య.

ఆమె రెండో చేత్తో గాయాన్ని తడిమింది. అంచున లేత బెరడు మెత్తగా, చల్లగా తగిలింది. ఇన్నేళ్ళుగా అది పాకుతూనే ఉంది.

వేలు కడుక్కుని గిన్నె తిరిగిచ్చింది. "వద్దు బాబాయ్. అది ఇంకా మూసుకుంటోంది. దాని దారికి అడ్డం పెట్టలేను."

తెల్లారింది. నాంచారి కుండీ నెత్తికెత్తుకుంది. ఓబులయ్య ఆమె భుజం పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కాడు. ఆగాడు, ఎక్కాడు, మళ్ళీ ఆగాడు. పైకి చేరేసరికి మహీధర మహారాజు వచ్చి కూర్చున్నాడు.

గుడిలో ఒక ఆచారం ఉంది. కుండీచెట్టుకు ముఖం ఉంటుంది, వీపు ఉంటుంది. ఏది ముఖమో పెంచినవాళ్ళే తేల్చి, ఆ వైపు కుండీ అంచున కుంకుమ బొట్టు పెట్టాలి. బొట్టు పెట్టిన వైపు స్వామికి ఎదురుగా ఉంచుతారు. అందరూ తమ చెట్టు అందమైన వైపు చూసుకుని బొట్టు పెట్టారు.

నాంచారి కుంకుమ తీసి గాయం వైపు పెట్టింది.

జనం గుసగుసలాడారు. పూజారి ఆచార్యులవారు వంగి చూశారు. "ఏమ్మా, చెయ్యి తప్పిందా?"

"లేదు స్వామీ. తెలిసే పెట్టాను."

రాజు కల్పించుకున్నాడు. "గాయం చూపిస్తావా దేవుడికి? నీ చెట్టుకు మంచి వైపే లేదా?"

"ఉంది ప్రభూ. అది మీరు చూసేందుకు వదిలాను. ఈ మాను ఇంత బలిసింది ఒక్క కొమ్మ పుణ్యాన. ఆ కొమ్మ ఉన్న చోటు ఇది. మేము పడ్డ కష్టం, చెట్టు పడ్డ కష్టం అన్నీ ఈ వైపే ఉన్నాయి. స్వామి ముందు నిలబడవలసింది ఇదే."

రాజు ఆచార్యులవారి వైపు తిరిగాడు. అభిషేకం మొదలుపెట్టమని సైగ చేశాడు.

ఆచార్యులవారు చెట్లన్నిటి మీదా వరసగా మంత్రజలం పోశారు. పూర్ణయ్య చెట్టు మీద పోయగానే, కింద కుళ్ళి పట్టుతప్పిన లప్పం పెళ్ళగా ఊడిపడింది. లోపల నల్లటి తొర్ర. నీళ్ళు గుటుక్కున అందులోకి దిగాయి, చీమలు గుడ్లు నోట కరుచుకుని బారుగా బయటికొచ్చాయి. పూర్ణయ్య తల దించుకున్నాడు.

తర్వాత నాంచారి చెట్టు. నీళ్ళు గాయం మీద పడ్డాయి, బెరడు పెదవుల మీదుగా జారి మట్టిలోకి పోయాయి. ఒక్క చుక్కైనా లోపలికి ఇంకలేదు. ఎరుపెక్కుతున్న ఆకుల అంచులు తడిసి మెరిశాయి.

మహీధర మహారాజు లేచివచ్చి ఆ గాయాన్ని వేలితో తాకి చూశాడు. తర్వాత కుండీని తన చేతులతోనే ఎత్తి, స్వామి గడప పక్కన పెట్టాడు. బొట్టు స్వామి వైపుకే ఉంది.

నాంచారి పూర్ణయ్య దగ్గరికి వెళ్ళింది. "బాబాయ్, ఆ కుళ్ళు చెక్కేసి గాలి తగలనివ్వండి. మీ చెట్టు బతుకుతుంది. నేను వచ్చి సాయం చేస్తాను."

ఓబులయ్య మాత్రం మంటపం మెట్టు మీద నిటారుగా కూర్చుని, వచ్చేపోయే వాళ్ళందరినీ ఆపి మరీ చెబుతున్నాడు. "చూశారా, మా కోడలి చెట్టు."

"మీరు నాటిందే కదా మామయ్యా" అంది నాంచారి.

"నాటింది నేను. నిలబెట్టింది నువ్వు" అన్నాడాయన. అని, ఇంకొకరిని ఆపాడు.

నాయనలారా, తల్లుల్లారా, ఈ కథలో మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు. కుంకుమ తీసి గాయం వైపు పెట్టిందే, ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. మీకూ ఒకనాడు అలాంటి రోజు వస్తుంది. ఆనాడు మీరూ ఆ పనే చెయ్యండి.

దాచిన గాయం లోలోపల కుళ్ళుతుంది, దాచని గాయం మాని, మన తల ఎత్తి నిలబెడుతుంది.