రవ్వ చెట్టు విత్తనాలు

ఇప్పపూలు రాలడం మొదలైందంటే ఆ కొండకింది అడవిలో ఎలుగుబంట్ల వంశమంతా ఒకచోట చేరుతుంది. ఆ ఏడు విందు పెట్టే వంతు నల్లమ్మది. ఎంతమంది చుట్టాలు వచ్చినా వండిపెట్టగలదు. ఆమె బెంగంతా వదిన కోనమ్మ గురించే.

కోనమ్మ నల్లమ్మ భర్తకు అక్క. ఆవిడకు గోధుమ పడదు. మూడేళ్ల కిందట విందులో ఎవరో పెట్టిన లడ్డూ తిని, నాలుగు రోజులు కడుపు పట్టుకుని గుహలో ముడుచుకుపోయింది. "గోధుమలో గ్లూటెన్ అనే జిగురు ఉంటుందమ్మా. అది నీ పేగులకు శత్రువు. నలుసంత కూడా తగలనివ్వకు" అన్నాడు కొంగ వైద్యుడు. అప్పట్నుంచి ఆవిడ విందులకు రావడం మానేసింది. ఈసారి నల్లమ్మ స్వయంగా వెళ్లి బతిమాలితే, "వస్తాలే. నా ఉడకబెట్టిన గడ్డలు నేనే మూటగట్టుకొస్తాను. మీ వంటల జోలికి మాత్రం రాను" అంది.

ఆ మాట నల్లమ్మను కుదురుగా ఉండనివ్వలేదు. అందరూ మిఠాయిలు తింటుంటే ఇంటి ఆడబిడ్డ ఓ మూల కూర్చుని గడ్డలు తినడమా?

"ఒక్క లడ్డూకి ఏమైపోతుందే? అక్కవన్నీ అనుమానాలు" అన్నాడు ఆమె భర్త బండయ్య.

"కడుపునొప్పి పడింది నువ్వు కాదుగా, అలాగే అంటావు" అని నల్లమ్మ బయల్దేరి తోకయ్య కొట్టుకు వెళ్లింది.

తోకయ్య నక్క. అడవి మొత్తానికి అతనిదొక్కటే మిఠాయి కొట్టు. నల్లమ్మ ఇంట్లో తేనెపట్లు ఉంటాయని అతనికి తెలుసు.

"రా చెల్లెమ్మా, రా! ఏం కావాలి?"

"గోధుమ లేని మిఠాయిలు కావాలన్నా. మా వదినకు పడదు."

"ఓస్, ఇంతేనా! ఇదిగో రవ్వ లడ్డు, ఇవి మైదా కజ్జికాయలు, అది సేమ్యా పాయసం. వీటిలో చిటికెడు గోధుమ పిండి వేసుంటే నా తోక మీద ఒట్టు!"

నల్లమ్మ లడ్డూ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చిన్నప్పట్నుంచీ ఆమెకదే అలవాటు. దుంప తవ్వినా, పుట్ట తవ్వినా, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడందే వదలదు.

"అన్నా, ఈ రవ్వ దేన్నుంచి వస్తుంది?"

"రవ్వ... రవ్వలోంచే వస్తుంది!"

"అంటే రవ్వకు వేరే చెట్టుందా? ఎంత ఎత్తుంటుంది? ఆకులు ఎలా ఉంటాయి?"

తోకయ్య మీసాలు దువ్వుకున్నాడు. "ఉందమ్మా, కొండ అవతల. తెల్లగా పూస్తుంది. నీలాంటి వాళ్లు అంత దూరం నడవలేరు."

"అయితే విత్తనాలైనా ఇవ్వన్నా. మా గుహ ముందు వేస్తాను. వదిన ఎప్పుడొచ్చినా తినొచ్చు. ఒక పెద్ద తేనెపట్టు ఇస్తాను."

తేనె అనగానే తోకయ్యకు నోరూరింది. ఎలుగుబంటికి గింజల సంగతేం తెలుసులే అనుకున్నాడు. లోపలికెళ్లి, మూల ఉన్న బస్తాలోంచి గుప్పెడు గింజలు తెచ్చి ఆమె దోసిట్లో పోశాడు.

"మేలు రకం రవ్వ విత్తనాలు. మిఠాయిలు విందు రోజున నేనే మోసుకొస్తాలే."

దారిలో పిండిమర ఉంది. అక్కడ కణికమ్మ అనే ముసలి ఎలుక కాపురం. ఆ మరలోకి వచ్చిన ప్రతి గింజా ఆవిడ పంటి కింద పడిందే.

"పిన్నీ, ఈ రవ్వ చెట్టుకు నీళ్లెక్కువ పొయ్యాలా?" అని అడుగుతూ నల్లమ్మ దోసిలి చాపింది.

కణికమ్మ ఓ గింజ కొరికి, నల్లమ్మ మొహంలోకి చూసింది. "ఇది గోధుమ కదే!"

"తోకయ్యన్న రవ్వ విత్తనాలన్నాడే! మిఠాయిల్లో చిటికెడు గోధుమ పిండి వెయ్యలేదని తోక మీద ఒట్టు కూడా పెట్టాడు!"

"ఒక రకంగా నిజమే చెప్పాడు. ఈ గింజనే బరకగా విసిరితే బొంబాయి రవ్వ. పొట్టు తీసి మెత్తగా విసిరితే మైదా. సేమ్యా చేసేదీ దీంతోనే. పిండి వేయలేదని ఒట్టు పెట్టుకున్నాడు గానీ, గోధుమ లేదనలేదు చూశావా!" అంది ఎలుక. కాస్త మైదా తడిపి సాగదీసి చూపించింది. "ఈ సాగేదే మీ వదినకు పడని జిగురు."

నల్లమ్మకు ఒళ్లు మండింది. కానీ కోపం కంటే ముందు ప్రశ్న వచ్చింది. "మరి బియ్యప్పిండి సాగదా? మినుములు? నువ్వులు?"

"తడిపి చూసుకో."

ఇద్దరూ పొద్దువాలేదాకా పిండ్లు తడుపుతూ, వాసన చూస్తూ కూర్చున్నారు. బియ్యప్పిండి విరిగిపోయింది. మినప్పిండి జారింది గానీ సాగలేదు. "ఇక్కడ మాత్రం విసరకు. ఈ రాళ్ల నిండా గోధుమ దుమ్మే. బార్లీ కూడా పడదు, గుర్తుంచుకో" అని కణికమ్మ హెచ్చరించింది. నల్లమ్మ ఇంటికెళ్లి కొత్త రోలు, కొత్త మూకుడు సిద్ధం చేసుకుంది.

విందు రోజున కోనమ్మ మూటతో వచ్చి, అందరికీ దూరంగా కూర్చుంది. నల్లమ్మ ఆకు పట్టుకెళ్లి ఆవిడ ముందు పెట్టింది. అరిసెల పక్కన నాలుగు బియ్యం గింజలు, సున్నుండల పక్కన మినుములు, ఇప్పపూల ఉండల పక్కన ఎండు పూలు, కాసిని నువ్వులు. "వదినా, ప్రతిదీ దేంతో చేశానో పక్కనే పెట్టాను. విందంతా ఇవే వంటలు. గోధుమ ఈ గుమ్మం దాటి రాలేదు."

కోనమ్మ గింజల్ని ఒక్కొక్కటే వేలితో కదిపి చూసింది. తర్వాత ఇప్పపూల ఉండ అంచు కొరికింది. కళ్లు మూసుకుని నమిలింది. "మా అమ్మ చేసేది ఇలాగే" అంది మెల్లగా. గడ్డల మూట పక్కకు జరిపి రెండోది తీసుకుంది. బండయ్య వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు.

అంతలో తోకయ్య బుట్టతో రానే వచ్చాడు. "రవ్వ లడ్లమ్మా, రవ్వ లడ్లు! కోనమ్మగారు కూడా తినొచ్చు!"

కోనమ్మ లేచి నిలబడింది. "దేంతో చేశావు నాయనా?"

"గోధుమ పిండి వెయ్యలేదండీ, ఒట్టు!"

"నేనడిగింది వెయ్యంది కాదు, వేసింది."

తోకయ్య బుట్ట వెనక్కి లాక్కున్నాడు. విందుకొచ్చిన కణికమ్మ, నల్లమ్మ మరలోనే వదిలేసిన ఆ గింజల్ని గుమ్మం బయట అందరి ముందూ పరిచింది. చుట్టాలంతా వంగి చూశారు. మూడేళ్ల కిందటి లడ్డూ ఎవరి కొట్టులోంచి వచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

తేనెపట్టు మాట ఎత్తకుండానే తోకయ్య వెనుదిరిగాడు. ఆ తర్వాత అతని కొట్టుకు ఎవరు వెళ్లినా, చెయ్యి చాపేముందు మిఠాయి దేంతో చేశాడో అడుగుతున్నారు. బుట్టలో లడ్లు మాత్రం అలాగే ఎండుతున్నాయి.

నీతి: సగం నిజంతో గెలిచేవాడి ఆట, మిగతా సగం అడిగేవాళ్లు వచ్చేదాకానే.