నీలంగానే ఉండిపోయిన కాగితం

సిస్టర్ ఫిలోమినాకు మనసనేది ఉందా లేదా అన్నదే ఆ రోజు గొరెట్టిని పట్టుకున్న బాధ.

గొరెట్టి ఆవిడ దగ్గరే చదువుకుంది. ఆవిడని చూసే తనూ సన్యాసినిగా కాన్వెంటులో చేరింది. ఇప్పుడు అదే ఆడపిల్లల కాలేజీలో, అదే కెమిస్ట్రీ ల్యాబులో ఆవిడ చేతికింద పనిచేస్తోంది. సముద్రం ఒడ్డు కాలేజీ అది. ఉప్పుగాలికి ల్యాబులో ఇనప స్టాండ్లన్నీ తుప్పు పట్టేవి. ఎన్నిసార్లు రంగు వేసినా మళ్ళీ ఎర్రగా పొరలు రాలేవి.

హాస్టల్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవాళ్ళు. పెద్దది నూకరత్నం, చిన్నది లోవకుమారి. జాలరిపేట పిల్లలు. తల్లి ఎప్పుడో పోయింది. ఆ వానాకాలం తండ్రి వేటకని పడవ ఎక్కి వెళ్ళాడు. పడవ తిరిగి రాలేదు. తరవాత అతన్ని సముద్రమే తెచ్చి ఒడ్డున పడేసింది. పెద్దదినం అయిపోయాక, ఇంట్లో ఇక ఎవరూ లేరు కాబట్టి, పిల్లలిద్దరూ తిరిగి హాస్టలుకే వచ్చేశారు.

రత్నం ఏడుపుకి హాస్టలు గోడలు కరిగిపోతాయా అనిపించేది. "మమ్మల్నొగ్గేసి ఎలిపోనావా అయ్యా, ఎవులున్నారని ఎలిపోనావు" అంటూ గుండెలు బాదుకునేది. గొరెట్టి ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకుని గంజి తాగించేది. దాని పక్కనే చాప వేసుకుని పడుకునేది. దాని కన్నీళ్ళతో తన భుజం తడిసినప్పుడల్లా, దేవుడు తనని ఇందుకే పిలిచాడేమో అనుకునేది.

లోవ అలా కాదు. వచ్చిన మర్నాడే తలస్నానం చేసి, రెండు జడలు వేసుకుని క్లాసుకి వచ్చింది. అడిగినదానికి జవాబు చెప్పింది. అన్నం తింది. "ఈ సాంబారులో ముక్కలు ఈతకెళ్ళాయా?" అని జోకు కూడా వేసింది. పిల్లలు నవ్వాలా వద్దా తెలియక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"చిన్నది గట్టిది" అంది గొరెట్టి అందరితో. తన అంచనా మీద తనకి గొప్ప నమ్మకం.

సిస్టర్ ఫిలోమినా మటుకు పెద్దదాని గదివైపు కన్నెత్తి చూడలేదు. చిన్నదాన్నేమో ల్యాబుకి పిలిచి, కుళాయి దగ్గర నిలబెట్టి, పొద్దుటి నుంచి టెస్ట్‌ట్యూబులు కడిగిస్తోంది. ఆ సంగతి తెలిసి గొరెట్టికి ఒళ్ళు మండింది. మధ్యాహ్నం క్లాసు అవగానే తిన్నగా ల్యాబుకి వచ్చింది.

సిస్టర్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. రెండు కళ్ళకీ శుక్లాలు. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళ్ళాలి. తిరిగొచ్చేదాకా హాస్టలు భారం గొరెట్టిది.

"సిస్టర్, ఆ పిల్ల తండ్రి పోయిన పిల్ల."

"తెలుసు."

"పెద్దది అక్కడ అంత ఏడుస్తుంటే మీరు ఒక్కసారైనా రాలేదు. దీన్ని ఇక్కడ చాకిరీకి పెట్టారు."

"పెద్దదాని దగ్గర నువ్వున్నావుగా."

ఆ మాట మెచ్చుకోలో ఎత్తిపొడుపో గొరెట్టికి తెలియలేదు. ఇంతలో లోవ ట్యూబుల స్టాండు పట్టుకుని వచ్చింది. ట్యూబులు కడిగిన ముత్యాల్లా మెరుస్తున్నాయి.

సిస్టర్ ఒక ట్యూబు తీసి, కళ్ళ దగ్గరకంటా పెట్టుకుని చూసింది. "మరకుంది. మళ్ళీ కడుగు."

"సిస్టర్, మీకు నా మొహమే కనబడదు. మరకెలా కనబడిందండీ?"

"కనబడింది. కడుగు."

"ఇంకా కడిగితే గాజు అరిగిపోద్దండీ."

"అరగనీ."

లోవ నవ్వుకుంటూ స్టాండు తీసుకుని వెళ్ళిపోయింది. ల్యాబు చివర కుళాయి చప్పుడు మళ్ళీ మొదలైంది.

"చూశారా, ఎలా నవ్వుతోందో!" అంది గొరెట్టి. "అది మీకంటే గట్టిది సిస్టర్."

"సరే. రేపటి నుంచి ఎవరెక్కడ పడుకుంటారో చెప్పు."

"నేను రత్నం దగ్గర. దాన్ని వదలడానికి లేదు. లోవ మేడమీద చివరి గది అడిగింది. ఒక్కతే ఉండి చదువుకుంటుందట. సరే అన్నాను."

"ఒక్కతేనా?"

"దాని గురించి బెంగ లేదు సిస్టర్. ఊరి నుంచి వచ్చిన రోజు దాని మొహం చూడలేకపోయాం, కమిలిపోయి ఉంది. ఇప్పుడు ఆ ఛాయే లేదు. నేను రోజూ చూస్తున్నానుగా."

సిస్టర్ లేచి, బల్లలని తడుముకుంటూ అలమర దగ్గరికి వెళ్ళింది. రెండు సీసాలు తీసింది. నీళ్ళలాంటి ద్రవం ఒకదాంట్లో, నీళ్ళలాంటి ద్రవమే ఇంకోదాంట్లో. రెండు ట్యూబుల్లో తలా కాస్త పోసింది. తరవాత మూత బిగించి ఉన్న మూడో సీసా తెచ్చింది. అందులో బ్రోమిన్.

బ్రోమిన్ రంగు చూడ్డానికి ఎంత బాగుంటుందో! వానవెలిసిన సాయంత్రం మబ్బు అంచున ఒక ఎరుపు ఉంటుందే, అచ్చం అది. కానీ దాని గాలి ముక్కుకి సోకితే కళ్ళమ్మట నీళ్ళు కారతాయి. ఒంటి మీద పడితే మాంసాన్ని తినేస్తుంది.

"మొదటి సంవత్సరం పిల్లల ప్రయోగం కదా సిస్టర్ ఇది" అంది గొరెట్టి నవ్వు ఆపుకుంటూ.

"ఆ, అదే. నా కళ్ళకి మసక. నువ్వు చూసి చెప్పు."

రెండు ట్యూబుల్లోనూ సిస్టర్ ఆ ఎరుపుని చుక్కలుగా వదిలింది. ఒక ట్యూబులో అది పడీ పడగానే మాయమైంది. కాస్త కదిపేసరికి మొదట ఎలా ఉందో అలాగే, తేటగా ఉంది.

"ఒకటి పోయింది సిస్టర్."

"రెండోది?"

"ఎర్రగానే ఉంది."

"దాన్ని కిటికీలో పెట్టు. ఎండ తగలనీ."

వాన తెరిపిచ్చి ఎండ సన్నగా వస్తోంది. గొరెట్టి ట్యూబుని ఆ వెలుగులో పెట్టింది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. ఎరుపు కొంచెం కొంచెంగా నారింజ అయి, నారింజ పసుపవుతోంది.

అప్పుడే వాకిలి అవతల హాస్టలు నుంచి రత్నం ఏడుపు వినబడింది. గాలికి తేలి వచ్చింది ఆ గొంతు, ఒడ్డున వలలు లాగేవాళ్ళ కేకలాగా. గొరెట్టికి కాలు నిలవలేదు.

"సిస్టర్, రత్నం లేచినట్టుంది. వెళ్తాను."

"ఉండు. రంగు పోనీ."

"పాపం సిస్టర్..."

"ఉండమన్నాను."

గొరెట్టి ఉండిపోయింది. ల్యాబు చివర లోవకీ ఆ ఏడుపు వినబడే ఉంటుంది. కానీ కుళాయి చప్పుడు ఆగలేదు. బ్రష్షు చప్పుడూ ఆగలేదు. కొంచెం కూడా.

కిటికీలో ట్యూబు తేటబడింది.

"ఇదీ పోయింది."

"ఇప్పుడు రెండూ ఒక్కలాగే ఉన్నాయా?"

"ఒక్కలాగే ఉన్నాయి."

"బ్రోమిన్ ఏమైంది?"

"పోయిందిగా సిస్టర్" అనేసింది గొరెట్టి విసుగ్గా. అని, తనే నాలిక కరుచుకుంది. ఆ జవాబు చెప్పినందుకు పిల్లలకి తనే మార్కులు తగ్గించేది.

సిస్టర్ సొరుగులోంచి నీలం లిట్మస్ కాగితం రెండు ముక్కలు తీసి, నీళ్ళలో ముంచి ఇచ్చింది. "మూతుల దగ్గర పట్టుకో."

ఎండలో పెట్టిన ట్యూబు మూతి దగ్గర పట్టుకుంటే, తెల్లటి పొగ పలచగా పైకి లేస్తోంది. కాగితం చూస్తుండగానే ఎర్రబడింది.

"ఎర్రబడింది సిస్టర్."

"ఎందుకు?"

గొరెట్టి క్లాసులో చెప్పే గొంతుతో గడగడా చెప్పింది. "ఇది హెక్సేన్. దీంట్లో ఖాళీ చోటు ఉండదు. ఒక హైడ్రోజన్ బయటికి పోతేనే బ్రోమిన్ లోపలికి పోతుంది. ఆ హైడ్రోజన్ పోతూ పోతూ మిగతా సగం బ్రోమిన్‌ని వెంటబెట్టుకుని ఆమ్లపు పొగై పోతుంది. ప్రతిక్షేపణ చర్య."

"అంటే సగం బయటికి వచ్చేస్తుంది."

"వచ్చేస్తుంది."

"ఇప్పుడు ఆ మొదటిది."

గొరెట్టి రెండో కాగితాన్ని మొదటి ట్యూబు మీద పట్టుకుంది. పొగ లేదు. కాగితం నీలంగానే ఉంది. ఇంకొంచెం కిందికి దించింది. నీలమే. ట్యూబుని కదిపి మళ్ళీ పట్టుకుంది. నీలమే.

"ఏమీ రావడం లేదు సిస్టర్."

"ఎందుకు రావడం లేదు?"

"ఇది హెక్సీన్ కదా. దీనికి ద్విబంధం ఉంటుంది. అది తెరుచుకుని, రెండు చేతులూ చాపి, వచ్చినదాన్ని వచ్చినట్టే తీసేసుకుంటుంది. సంకలన చర్య. దీనికి ఎండ కూడా అక్కర్లేదు, చీకట్లో కూడా పట్టేసుకుంటుంది. ఒక్క ముక్క బయటికి పోదు. అంతా లోపలే..."

అక్కడ ఆగిపోయింది గొరెట్టి.

కాగితం ఇంకా ట్యూబు మూతి మీదే ఉంది. దాని మీద నుంచి నీటిచుక్క ఒకటి జారి బల్ల మీద పడింది.

"ఊఁ, చెప్పు" అంది సిస్టర్. "అంతా లోపలే. తరవాత?"

గొరెట్టి ల్యాబు చివర కుళాయి వైపు చూసింది. రెండు జడలు, వంగిన వీపు. ఆడుతూనే ఉన్న మోచెయ్యి.

హాస్టలు నుంచి ఏడుపు ఇంకా వస్తోంది. సిస్టర్ చెవి అటు పెట్టి కాసేపు విని, తిరిగి కుర్చీలో కూర్చుంటూ అంది:

"పెద్దదాని దగ్గర ఎవరైనా పడుకోవచ్చు గొరెట్టీ. వంట చేసే సన్యాసమ్మయినా చాలు."

గొరెట్టి కాగితాన్ని బల్ల మీద పెట్టేసి, అంగీ చేతులు పైకి మడుచుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది.

"మీరెందుకు సిస్టర్? నేను కడిగేస్తున్నానుగా" అంది లోవ నవ్వుతూనే. నీళ్ళలో నాని దాని వేళ్ళు తెల్లగా ముడతలు పడిపోయాయి.

"జరుగు కొంచెం."

లోవ జరిగింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి కడిగారు. గొరెట్టి ఏమీ అడగలేదు. ఎండ పోయి మళ్ళీ మబ్బు కమ్మింది. కిటికీ అద్దాల మీద చినుకులు మొదలయ్యాయి.

చాలాసేపటికి, తల తిప్పకుండానే, లోవ అంది:

"మొహం లేదండి."

గొరెట్టి చెయ్యి ఆగి, మళ్ళీ కదిలింది.

"అయ్యకి." అంతదాకా కాలేజీ భాష మాట్లాడిన పిల్ల గొంతులో ఇంటి మాట వచ్చేసింది. "చేపలు తినేసినాయి. మీయోడు కాదేమోనే అన్నారందరూ. చొక్కాకి కింద బొత్తం ఎర్రదారంతో కుట్టుంది. తెల్లదారం అయిపోతే నానే కుట్టినాను, ఎర్రదారమెట్టి. అయ్య నవ్వినాడు కూడా, పెళ్ళికొడుకు బొత్తమే ఇది అని."

నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"అక్కని చూడనివ్వలేదు నాను. మొహం బాగానే ఉందని చెప్పినాను. పడుకున్నట్టే ఉన్నాడే అని చెప్పినాను."

దాని మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. తీయడం మర్చిపోయినట్టుంది.

గొరెట్టి తళతళా మెరుస్తున్న ట్యూబుల్లోంచి ఒకటి తీసింది. కాసేపు వెలుగుకి పట్టి చూసింది. "మరకుంది" అంటూ దాన్ని లోవ చేతికిచ్చి, తనూ ఒకటి తీసుకుంది.