దాస్తానన్న బటన్

కాకినాడలో శేషు అనే కుర్రాడు ఉండేవాడు. పనిమంతుడే, కానీ పైకి కనిపించేది ముస్తాబు చేసి లోపలిది గాలికొదిలేయడం అతని జబ్బు. వెబ్‌సైట్లు తయారు చేసేవాడు. ఒకసారి సరదా పుట్టి, పాతకాలపు కంప్యూటర్ తెరను అచ్చుగుద్దినట్టు ఇంటర్నెట్‌లో కట్టాడు. అవే బూడిదరంగు కిటికీలు, అదే ఇసుక గడియారం. రాసుకోవడానికి పేజీ కూడా పెట్టాడు. 'సేవ్' నొక్కితే "భద్రంగా దాచాను" అని వచ్చేది. దాచడమా, నా మొహమా! బటన్ వెనక ఏమీ లేదు. "ఎవడు చూడొచ్చాడులే" అనుకున్నాడు శేషు.

మేనత్త మంగతాయారు అది చూసి మురిసిపోయింది. ఉద్యోగం చేసిన రోజుల్లో ఆవిడ నేర్చుకున్నది ఆ పాత తెర ఒక్కటే. కొత్తవి కొరుకుడు పడలేదు.

"ఒరేయ్ శేషూ, మా అక్క పాటలు ఇందులో టైపు కొట్టుకోనా? ఉంటాయిగా?" అంది.

ఆవిడ అక్క అండాళుకు ఎక్కడా అచ్చుకాని పెళ్లిపాటలు ఎన్నో వచ్చు. ఇప్పుడు మంచం పట్టింది, ఎక్కువ రోజులు లేవన్నారు డాక్టర్లు. బొంగురుపోయిన తన గొంతును ఫోన్‌లో రికార్డు చేయొద్దని ఒట్టు వేయించుకుంది.

శేషు గతుక్కుమన్నాడు. కానీ పొగిడిన మనిషి ముందు కాదనడానికి నామోషీ అడ్డొచ్చింది. "భేషుగ్గా ఉంటాయత్తా!" అన్నాడు. రేపు సరిచేద్దాంలే అనుకుని మరిచిపోయాడు, మహానుభావుడు.

ఆ ఆదివారం అండాళు ఆయాసపడుతూనే పాడింది. చెల్లెలు టైపు కొట్టింది, పాటపాటకీ సేవ్ నొక్కింది. తెర దాచానంది కదా అని నమ్మి కంప్యూటర్ కట్టేసింది. ఆ వారంలోనే అండాళు పోయింది. దినవారాలయ్యాక పాటలు చూసుకుందామని తెరిస్తే, పేజీలో ఒక్క అక్షరం లేదు.

మంగతాయారు నిప్పులు కక్కుతూ శేషు ఇంటికొచ్చింది.

"అది ఉత్త బొమ్మత్తా, ముచ్చటకి చేశా..." అని నసిగాడు.

"బొమ్మయితే బొమ్మని ఏడవాల్సింది! దాచానని ఎందుకు రాశావురా? నేను అడిగానా లేదా? ఉంటాయని నోటితో చెప్పావా లేదా?"

"మళ్లీ కొడదాం. ఈసారి నిజంగా దాచేలా..."

"ఎవరు పాడతార్రా? నువ్వు పాడతావా?" అని అరిచి, గుమ్మంలోనే కూలబడి భోరుమంది ఆవిడ.

 శేషు ఆ పూటే కూర్చుని బటన్‌ను బాగుచేశాడు. ఎంత పని? గంట కూడా పట్టలేదు! ఆ గంట ముందే పెట్టి ఉంటే పాటలు మిగిలేవి.

చేయని పనిని చేశానని చెప్పకండి. ఆ మాట నమ్మినవాళ్లకు జరిగే నష్టాన్ని మీ పశ్చాత్తాపం పూడ్చలేదు.