చేదకు చెంగి అని పేరు ఎలా వచ్చిందంటే

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలం. బాటలు ఎక్కడికి పోతాయో బాటలకే తెలియని కాలం. ఆ కాలంలో రాళ్లపెంట అని ఒక ఊరుండేది. ఆ ఊరికి ఒకటే బావి. ఊరి బయట, బాట పక్కన ఉండేది. నీళ్లు చాలా లోతున ఉండేవి.

ఆ ఊళ్లో ఎవరి చేద వారిదే. చేద అంటే బావిలోంచి నీళ్లు తోడే తోలు బొక్కెన. దాన్నీ, దాని తాడునూ ఇంటి నుంచి తెచ్చుకోవాలి. తోడుకున్నాక తాడు చుట్టి, భుజాన వేసుకుని ఇంటికి పోవాలి. "బావి దగ్గర చేద వదిలితే గంగ అలుగుతుంది. పాతాళానికి దిగిపోతుంది" అని పెద్దల మాట. అది నిజమో కాదో ఎవరూ చూడలేదు. చూడాలని ఎవరికీ తోచలేదు.

అదే ఊళ్లో చెంగి అని ఒక ముసలిది ఉండేది. గోగునారతో తాళ్లు పేని బతికేది. నా అన్నవాళ్లు లేరు.

ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చెంగి నీళ్లు తోడుకుంది. తాడు చుట్టి భుజాన వేసుకుంది. దూరంగా బాట మీద ఎవరో తూలుతూ వస్తున్నారు. చెంగి చూసింది. ఎవరో ఒకరు వచ్చి పోస్తారులే అనుకుంది. కుండ ఎత్తుకుని ఇంటికి వెళ్లిపోయింది.

ఆ ఎండలో ఎవరూ రాలేదు. పొద్దు వాలాక ఆడవాళ్లు బావికి వెళ్తే, గట్టు మీద ఒక ఉప్పు బుట్టవాడు బోర్లా పడి ఉన్నాడు. ప్రాణం లేదు. పోయేముందు తలగుడ్డ విప్పి, పైగుడ్డ విప్పి, రెండూ ముడివేసి బావిలోకి వదిలాడు. కొస తడవలేదు. నీళ్లకు మూరెడు పైనే ఆగిపోయింది.

ఊరంతా అయ్యో అంది. పాపం అంది. ఎవరి నీళ్లు వాళ్లు తోడుకుని వెళ్లిపోయింది.

చెంగి మాత్రం వెళ్లలేకపోయింది. చూసి ఊరుకోవడమూ పాపం చెయ్యడమూ ఒకటే, ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కూర్చుంటే కాలు ఆగదు, పడుకుంటే కన్ను ఆగదు. అన్నం ముందు లేస్తుంది. వాకిట్లోకి పోతుంది, మళ్లీ వస్తుంది.

చివరికి ఒక కొత్త చేద చేసింది. కొత్త తాడు పేనింది. తీసుకెళ్లి బావిగట్టుకు కట్టి వదిలేసింది.

మర్నాడు ఆ చేద ఆమె గుమ్మానికే వేలాడుతోంది. దారిన పోయే ఆడవాళ్లు నవ్వారు.

"ఏమే చెంగీ, ముసలితనంలో బావికి తాడు కట్టావా? పసుపు రాయడం మరిచిపోయావే!"

చెంగి మళ్లీ తీసుకెళ్లి కట్టింది. ఈసారి తాడు ముక్కలు చేసి ముళ్లకంపలో పారేశారు. కూర్చుంటే కాలు ఆగదు, పడుకుంటే కన్ను ఆగదు. మళ్లీ పేనింది, మూడోసారి కట్టింది.

ఆ ఏడు వానలు రాలేదు. బావిలో నీళ్లు కిందికి దిగాయి. పెద్దకాపు ఓబళయ్య నలుగురిని వెంటబెట్టుకుని చెంగి గుడిసెకు వచ్చాడు.

"చూశావా నీ నిర్వాకం? గంగ అలిగింది."

"వాన లేక దిగింది గదయ్యా. పోయిన కరువులోనూ దిగింది. అప్పుడు బావి దగ్గర ఏ చేద ఉందని?"

"నోరు బాగా లేస్తోందే! బావి ఎండితే ఊరి గొంతు నువ్వు తడుపుతావా?"

"బావి ఎండితే నన్ను ఊళ్లోంచి వెళ్లగొట్టండి. మారు మాట్లాడను. అంతదాకా చేద జోలికి రావద్దు."

"సరే. ఎండిందంటే నీ గుడిసె కూడా ఉండదు. మాట మీద నిలబడు."

అప్పటి నుంచి చెంగి బావి దగ్గరే ఉంది. గట్టు చుట్టూ తిరుగుతూ నార పేనేది. గడియకోసారి బావిలోకి తొంగి చూసేది. నీళ్లు మూరెడు దిగితే తాడు మూరెడు పెంచేది. కూర్చుంటే కాలు ఆగదు, పడుకుంటే కన్ను ఆగదు. బావి అడుగు కనబడితే ఆమెకు ఊరు లేదు. బాటన పోయేవాడికి చేద లేదు.

నీళ్లు ఇంకా దిగాయి. ఊళ్లో తాళ్లేవీ అందడం లేదు. ఒక ఇంటి తాడుకు ఇంకో ఇంటి తాడు ముడివెయ్యడం ఆ ఊరు ఎరగదు. ఎవరి తాడు వాళ్లు బావిలోకి వదిలి, పొడి చేదను పైకి లాగి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పెద్దకాపు పెళ్లాం తిరుపాలమ్మ కడవ చంకన పెట్టుకుని చాలాసేపు నిలబడింది.

"చెంగీ, నీ చేద ఒక్కసారి ఇస్తావా?"

"నాదెక్కడిదమ్మా? బావిది. చేదుకోండి."

తిరుపాలమ్మ చేద దించింది. నీళ్లు అందాయి. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఊరంతా నిలబడ్డారు. నవ్విన ఆడవాళ్లూ వచ్చారు. గంగ దిగిపోతుందన్న ఓబళయ్య కూడా కడవ మోసుకుని వచ్చాడు. చెంగి ఎవరినీ ఎత్తిపొడవలేదు. ఒకే ఒక్క మాట అడిగింది.

"వెళ్లేటప్పుడు చేద నిండా తోడి గట్టు మీద పెట్టి వెళ్లండి. వచ్చేవాడికి తోడే ఓపిక ఉంటుందో లేదో!"

వానలు వచ్చాయి. బావి ఎండలేదు. ఆ వానల్లోనే, తాడు పేనుతూ పేనుతూ చెంగి కన్నుమూసింది. ఆమెకు గుడి కట్టలేదు, రాయి నాటలేదు. ఆమె చేద పాడైతే ఊరే కొత్తది కట్టింది. "చెంగి చేద" అన్నారు కొన్నాళ్లు. తర్వాత వట్టి "చెంగి" అన్నారు.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఊళ్లలో బావి మీది చేదను చెంగి అనే అంటారు. నీళ్లకు పోయి వచ్చిన కూతుర్ని తల్లి ముందు అడిగేది "చెంగి నింపి వచ్చావా?" అనే. పిల్లనివ్వాలంటే పెళ్లికొడుకుకు పొలమెంత అని తర్వాత అడుగుతారు. ముందు, దాహం తీర్చుకుని రమ్మని అతన్ని ఒంటరిగా బావికి పంపుతారు. వెనకే ఒక పెద్దమనిషి చాటుగా వెళ్లి చూసి వస్తాడు.

"ఖాళీ చెంగి పెట్టి వచ్చాడు" అన్నాడంటే, ఇక ఆ పెళ్లి మాట ఎవరూ ఎత్తరు.