మూడో సంతకి ఎర్రబడిన ఆయిల్

శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట షెడ్డు నడిపే సన్నాసయ్య మేస్త్రికి ఓ అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, దగ్గర్లో ఉన్న బండి కిందకి దూరిపోతాడు. చెవుడేమో అనుకుంటారు కొత్తవాళ్లు. ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్లు మాత్రం లైటు పట్టుకుని వెనకాలే దూరతారు. జవాబేదో అక్కడే ఉంటుందని వాళ్లకి తెలుసు.

శిష్యుల్లో తవిటినాయుడు పనిలో చురుకు, నోట్లో అంతకన్నా చురుకు. షెడ్డులో బండి తెచ్చినవాళ్ల మీద, ఇంట్లో భార్య వరహాలు మీద గయ్‌మని లేచేవాడు. ఇక అరవనని ఒట్టేసుకుని కొన్నాళ్లు బాగానే ఉన్నాడు. ఓ రాత్రి చారులో ఉప్పు తక్కువైందని గిన్నె విసిరేశాడు. మర్నాడు పొద్దున్నే మొహం వేలాడేసుకుని వచ్చి అడిగాడు.

“గురూగారూ, మారితే ఒక్కసారే మారిపోవాలి గదా? కొంచెం తగ్గించుకుని మళ్లీ అరిస్తే, ఆ తగ్గించుకున్నదంతా ఎటు పోయినట్టు?”

అప్పుడే రత్నాలమ్మ పికప్ వచ్చి ఆగింది. మేస్త్రి దాని కిందకి దూరాడు.

రత్నాలమ్మది అనంతగిరి పైన చిన్న ఊరు. ఆ కొండల మీంచి సంతకి అల్లం, మిరియాలు దించేదీ, నొప్పులొచ్చిన ఆడవాళ్లని ఆసుపత్రికి దించేదీ ఆ బండే. ఎవరో కాంట్రాక్టరు అరగదీసి వదిలేస్తే కొనుక్కుంది. క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్. మూడు లక్షల కిలోమీటర్లు దాటినా గేర్‌బాక్సు ఆయిల్ మార్చిన పాపాన ఎవరూ పోలేదు. ఘాట్‌లో రెండో మలుపు వచ్చేసరికి ఇంజను గొంతు చించుకుని అరుస్తుంది గానీ, బండి కదలదు.

“ఇంకో చోట గేర్‌బాక్సే మార్చాలన్నారు మేస్త్రీ. అది నావల్ల అయ్యే పని కాదు. ఇది ఆగిందంటే మావోళ్లకి మళ్లీ డోలీయే, కర్రకి కట్టి మోసుకురావడమే,” అంది.

కింద నట్టు విప్పగానే తారులాంటి ఆయిల్ దిగింది, మాడు వాసనతో. మేస్త్రి గేర్‌బాక్సు అడుగున ఉన్న ఆయిల్ తొట్టి విప్పి, లోపలి అయస్కాంతాన్ని వేలితో తుడిచాడు. బూడిదరంగు జిగురు అంటుకుంది.

“ఇనపముక్కల్లేవు. బతికే ఉంది,” అన్నాడు.

నాయుడికి హుషారొచ్చింది. “అయితే మిషన్ పెట్టి లోపలిదంతా ఒక్కసారే తోసేద్దాం గురూగారూ. కడిగేసినట్టుంటుంది!”

“ఎన్నాళ్ల మురికిరా అది? గట్టిగా తోస్తే వెళ్లి సన్న దారుల్లో కూర్చుంటుంది. కారినంత కారనీ. ఎంత కారిందో అంతే పొయ్యి.”

కారింది సగం కూడా లేదు. మిగతాది లోపలే ఎక్కడెక్కడో ఉండిపోయింది. ఫిల్టర్ మార్చి, ఆ బండికి పడే ఎర్రటి కొత్త ఆయిల్ కొలిచి పోశారు. మేస్త్రి ఓ గుడ్డపీలికకి పాత ఆయిల్ చుక్క అద్ది మేకుకి తగిలించాడు. “సంత సంతకీ రా అమ్మా. అందాకా బరువెయ్యకు,” అని పంపించాడు.

రెండో సంతకి నట్టు విప్పితే మళ్లీ నల్లగానే దిగింది. రత్నాలమ్మ వంగి చూసి బుగ్గ మీద చెయ్యేసుకుంది.

“అదేటి బాబూ, కిందటిసారి ఎర్రగా పోశావు గదా? తాగేశావేటి?”

“నీకేం తెలుసని...” అని లేచాడు నాయుడు. అంతలోనే నోరు మూసుకుని మళ్లీ బండి కిందకి దూరిపోయాడు. మేస్త్రి ఇంకో పీలికకి చుక్క అద్ది మొదటిదాని పక్కన తగిలించాడు. ఈ మచ్చ అంచున సన్నగా ఎరుపు కనిపించింది. మళ్లీ కొత్తది కొలిచి పోసి పంపించారు.

మూడో సంతకి దిగిన ఆయిల్ మాగిన చింతపండు రంగులో ఉంది. దాన్ని తీసి మళ్లీ కొత్తది పోసి, కాసేపు ఇంజను తిప్పాక పీలికకి అద్ది చూస్తే, ఎరుపే! ఆ రోజు మట్టం చూసే పని మేస్త్రి నాయుడికి వదిలేశాడు. నాయుడి చెయ్యి లారీల మీద తిరిగిన చెయ్యి. అలవాటు కొద్దీ ఇంజను ఆపి, మట్టం చూసే బిరడా విప్పాడు. ఆయిల్ బొళబొళా కారిపోయింది.

“ఎక్కువైపోయింది గురూగారూ! తీసేద్దామా?”

“ముందు బిరడా బిగించు! ఇది లారీ గేర్‌బాక్సు కాదురా. ఆగిన బండిలో అంతా కిందకి దిగిపోయి ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తుంది. పోయింది మళ్లీ పొయ్యి, స్టార్ట్ చెయ్యి, వేడెక్కనీ. అప్పుడు చూడు.”

ఇంజను తిరుగుతుంటే ఆయిలంతా పైకెళ్లి తన పనిలో పడింది. ఈసారి బిరడా విప్పితే దారప్పోగంత సన్నగా జారి, చుక్క చుక్కగా ఆగింది. మట్టం సరిపోయింది.

సంత నుంచి తిరిగెళ్లే ఆడవాళ్లు ఉప్పు బస్తాలూ బియ్యం బస్తాలూ వేసుకుని వెనక ఎక్కారు. వాళ్లతోపాటే రత్నాలమ్మ. నాయుడు స్టీరింగ్ పట్టాడు, మేస్త్రి పక్కన కూర్చున్నాడు. మొదటి మలుపు దాటింది. రెండో మలుపు రాగానే వెనకున్నవాళ్లు బస్తాలు గట్టిగా పట్టుకున్నారు. నాయుడు యాక్సిలరేటర్ నొక్కాడు. గేరు దానంతటదే మెత్తగా పడింది. ఇంజను అరవలేదు. బండి బరువునంతా భుజానేసుకున్నట్టు మలుపు తిరిగి పైకెక్కేసింది.

రత్నాలమ్మ క్యాబిన్ మీద దబదబా బాదింది. “డోలీ కర్రలు పొయ్యిలో పెట్టేయండర్రా!”

వెనకున్న ఆడవాళ్లంతా ఒక్కటే కేక. ఆ కేకలతోనే అనంతగిరి దాకా ఎక్కారు.

పైన టీ తాగుతూ నాయుడు మెల్లిగా కదిపాడు. “రాత్రి వరహాలు మీద మళ్లీ అరిచాను గురూగారూ. గిన్నె విసరలేదనుకోండి. మధ్యలోనే ఆపుకున్నాను. కానీ తర్వాత ఒక్కణ్ణే పడుకుని చూసుకుంటే, లోపల ఇంకా అంతా ఉన్నట్టే కనిపించింది.”

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టాడు.

“ఇంజను ఆపి చూశావేట్రా?”